గ్యాస్ బండ వచ్చి వెళ్లాక మళ్లీ పనిలో కూర్చోవడం ఎలా?

మూడేళ్ల కిందట ఒక 20వ తేదీ. ఇంట్లో కూర్చుని ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్ల జీఎస్టీఆర్ 3బి, అంటే పన్ను కట్టే నెలవారీ జీఎస్టీ రిటర్న్, నింపుతున్నాను. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడే కట్టేసి ఇప్పుడు తగ్గించుకునే పన్ను, ఆ గడిలో 81,450 కొట్టాలి. చెయ్యి కీబోర్డు మీద పెట్టానో లేదో కాలింగ్ బెల్. గ్యాస్ బండ వచ్చింది. ఆ అబ్బాయి ఓటీపీ అడిగాడు. ఓటీపీ కోసం ఫోన్ తీస్తే అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ కనిపించింది. నిండు బండ లోపల పెట్టించి, ఖాళీ బండ ఇచ్చి పంపి, ట్యాంకర్ గొడవ మొదటి నుంచి చివరిదాకా చదివి, నా వంతు మాట కూడా ఒకటి పడేసి, కుర్చీలోకి వచ్చేసరికి ఇరవై నిమిషాలయింది. ఆ తొందరలో 18,450 కొట్టి ఫైల్ చేసేశాను.

3బి ఒకసారి ఫైలయితే దిద్దే వీల్లేదు. షాపాయన 63,000 రూపాయలు ఎక్కువ కట్టాడు. మర్నాడు లెక్క కుదరక తల పట్టుకుంటే, మా ఆడిటర్ సార్ వచ్చి తేడాని 9తో భాగించి చూడమన్నారు. సరిగ్గా 7,000 వచ్చింది, శేషం లేదు. "అంకెలు తారుమారయ్యాయమ్మా" అని వెళ్లిపోయారు. రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో తెగుతుంది. లెక్కలు రాసేవాళ్లకు తెలిసిన పాత కిటుకే అది, నాకే ఆ టెన్షన్‌లో గుర్తు రాలేదు. వచ్చే నెలలో ఆ క్రెడిట్ వాడుకున్నాం కాబట్టి డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ సరుకు కోసం పెట్టుకున్న డబ్బు నెల రోజులు ఇరుక్కుపోయింది. షాపాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

చాలా రోజులు ఆ గ్యాస్ అబ్బాయినే తిట్టుకున్నాను. తర్వాత తట్టింది: బెల్లు మోగుతూనే ఉంటుంది. విశ్వామిత్రుడి తపస్సుకే మేనక వచ్చింది, మన 3బికి గ్యాస్ బండ రావడం ఎంత? కుర్చీలోంచి లేవకుండా ఉండటం మన చేతిలో లేదు. లేచాక ఎంత త్వరగా, ఎంత శుభ్రంగా తిరిగి వచ్చామన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. నేను కింద చెప్పేదంతా ఆ తిరిగి రావడం గురించే.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. వారానికి మూడు రోజులు ఆఫీసులో, మూడు రోజులు ఇంట్లో. మీది సాఫ్ట్‌వేర్ కావచ్చు, ఆన్‌లైన్ ట్యూషన్లు కావచ్చు, టైలరింగ్ కావచ్చు. పని మారినా లేవడం, రావడం మారదు.

ముందుగా రెండు రోజులు లెక్క రాయండి, ఏమీ దిద్దుకోవద్దు

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్క "బయటివి", కుడి పక్క "నావి". పనిలోంచి బుర్ర పక్కకు పోయిన ప్రతిసారీ టైము, కారణం రెండు మాటల్లో రాయండి. "10:20 కొరియర్", "10:50 అత్తయ్య, కందిపప్పు", "11:05 ఊరికే ఫోన్". అంతే. ఈ రెండు రోజులూ మంచి పిల్లలా ఉండాలని చూడకండి. ఉంటే లెక్క అబద్ధం అవుతుంది.

నా పేజీ చూసి నాకే సిగ్గేసింది. అత్తయ్యగారు పిలుస్తూనే ఉంటారని మా ఆయన దగ్గర రోజూ గోల పెట్టేదాన్ని. తీరా చూస్తే ఆవిడ వాటా రోజుకు నాలుగైదు సార్లు. కుడి పక్క మాత్రం పేజీ నిండిపోయింది: ఊరికే ఫోన్, ఊరికే ఫ్రిజ్, ఊరికే బాల్కనీ. కష్టమైన బిల్లు ఎదురైన ప్రతిసారీ లేచి నీళ్లు తాగుతున్నానని అప్పుడే తెలిసింది. అంత దాహం ఎండాకాలంలో కూడా ఉండదు.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే ఆవిడ ఆఫీసుల్లో మనుషుల పక్కనే గడియారం పెట్టుకుని కూర్చుని ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. 2004లో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు చూపు నిలిస్తే, ఇటీవలి కొలతల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. పని మధ్యలో ఆగిపోయే సందర్భాల్లో దాదాపు సగం మనకు మనమే తెచ్చుకునేవని కూడా ఆవిడ చూశారు. కాబట్టి రెండు రోజుల లెక్క పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్లతో పేచీ పెట్టుకోకండి.

లేచే ముందు చీటీ రాయండి

మొత్తంలో ఒక్కటే పాటించగలిగితే దీన్ని పాటించండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

బెల్లు మోగింది, కుక్కర్ అరిచింది, సార్ పిలిచారు. లేవబోయే ముందు పది సెకన్లు ఆగి, చేతికందిన కాగితం మీద రెండు విషయాలు రాయండి. ఎక్కడ ఆపాను? తిరిగి రాగానే మొదట ఏం చేయాలి? నా టేబుల్ మీద ఇప్పుడున్న చీటీ ఇలా ఉంది: "ఐరన్ షాపు, 2బి. 14 బిల్లులు టిక్ అయ్యాయి. 15వది, పైపుల బిల్లు, మన రిజిస్టర్‌లో లేదు. వచ్చి పాత నెల పర్చేజీలో వెతకాలి."

(2బి అంటే సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా, దాన్ని మన రిజిస్టర్‌తో సరిపోల్చాలి.) ఇందులో "2బి చూడాలి" అని ఊరుకుంటే చీటీ పనికిరాదు. తిరిగి వచ్చేసరికి 2బిలో ఏం చూడాలో మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి. చెయ్యి పెట్టగలిగే పని రాయాలి: ఫలానా ఫైల్ తెరవాలి, ఫలానా వరుసలో వెతకాలి, ఫలానా వాళ్లను ఫలానాది అడగాలి. అంకె కొడుతూ మధ్యలో లేవాల్సి వస్తే ఆ సగం అంకెను చెరిపేసి లేవండి. ఖాళీ గడి మోసం చేయదు, సగం నిండిన గడి చేస్తుంది. ఈ ముక్క నాకు 63,000 రూపాయలు పెట్టి నేర్పించారు, అదీ నావి కాని రూపాయలు.

పాతకాలం గుమాస్తాలు లేచేటప్పుడు దస్త్రంలో చూస్తున్న వరుస కింద స్కేలు పెట్టి లేచేవారు. మా ఆఫీసులో అందరికన్నా పెద్దాయన ఇప్పటికీ అలాగే చేస్తారు, కంప్యూటర్ ముందు కూర్చున్నా సరే. ప్రింట్ తీసి, స్కేలు పెట్టి, అప్పుడు టీకి వెళ్తారు. ఆయన తప్పు చేయగా నేను చూడలేదు.

దీని వెనక ఒక సంగతి ఉంది. ఒక పని సగంలో వదిలి ఇంకో దాంట్లోకి వెళ్లినప్పుడు, మొదటి పని తాలూకు ముక్క బుర్రలో అలాగే అంటుకుని ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అందుకే గ్యాస్ అబ్బాయితో మాట్లాడుతున్నా 15వ బిల్లు తిరుగుతుంటుంది, 15వ బిల్లు దగ్గరికొచ్చాక ట్యాంకర్ గొడవ తిరుగుతుంటుంది. వదిలే ముందు తిరిగి వచ్చి ఏం చేయాలో రాసుకుంటే ఈ అంటు తగ్గుతుందని 2018లో ఆవిడే ఇంకొకరితో కలిసి చేసిన పరిశోధనలో తేలింది. చీటీ రాశాక కాగితం గుర్తు పెట్టుకుంటుంది, మీరు గ్యాస్ బండ సంగతి చూసుకోవచ్చు.

తిరిగి వచ్చాక ఫోన్ చూడకముందే, మెయిల్ చూడకముందే చీటీ చదవాలి. ఈ వరస తప్పితే చీటీ రాసీ లాభం లేదు.

రేపటి మొదటి పని ఇవాళే రాసి పెట్టండి

పడుకునే ముందు అక్కర్లేదు, పని ఆపేటప్పుడే రాయండి. మూడు పనులు, అంతకు మించి వద్దు. మొదటిది మరీ స్పష్టంగా ఉండాలి. "జీఎస్టీ పని" అని రాస్తే పొద్దున కూర్చోగానే బుర్ర పారిపోతుంది. "ఐరన్ షాపు సేల్స్ బిల్లులు 40 ట్యాలీలో ఎక్కించాలి" అని రాస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. పదిహేను పనుల జాబితా రాసే అలవాటున్నవాళ్లు దాన్ని వేరే పేజీలో దాచుకోండి. కళ్లెదుట మూడే ఉండాలి.

మీ బుర్ర చురుగ్గా ఉండే గంట పట్టుకోండి

తెల్లవారుజామున నాలుగింటికి లేవమని అందరూ చెబుతారు. రాత్రి పదింటికి పడుకునేవాళ్లు తప్పకుండా లేవండి. వంటిల్లు సర్దుకుని పన్నెండింటికి పడుకునేవాళ్లు నాలుగింటికి లేస్తే అది బ్రాహ్మీ ముహూర్తం కాదు, రేపటి నిద్రలోంచి చేసే అప్పు. వడ్డీ మధ్యాహ్నానికే కట్టాలి. ఈ ముచ్చట మూడు నెలలు పడి మానేశాను.

నాకు మంచి గంటలు పిల్లవాడు స్కూలు బస్సెక్కాక, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు. సరిపోల్చే పనులు, తప్పు జరిగితే దిద్దలేని పనులు అన్నీ ఆ రెండు గంటల్లోనే. భోజనం తర్వాత బండ పనులు: స్కాన్ చేయడం, ఫైళ్లకు పేర్లు పెట్టడం, ఫోన్లు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పొద్దున తేలిక పనులన్నీ "అవగొట్టేసి", అన్నం తిన్నాక రెండున్నరకు కష్టమైనది ముందేసుకుంటారు. గోంగూర పప్పు, పెరుగన్నం తిన్న మనిషి 2బి సరిపోల్చడం అంత తేలిక కాదు.

టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి మీరు వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. అందుకే దానికి ఆ భాషలో టమాటా పేరే, పొమొడోరో. పని మొదలుపెట్టడానికి బద్ధకించేవాళ్లకు బాగా పనికొస్తుంది. నాకు మాత్రం లెక్కలో మునిగే సమయానికి గంట కొట్టేస్తుంది. అందుకని ఇంట్లో ఉన్న రోజు వాషింగ్ మెషీన్‌ని టైమర్‌గా పెట్టుకున్నాను. మా మెషీన్ ఒక వాయికి 50 నిమిషాలు తీసుకుంటుంది. స్విచ్ నొక్కి కూర్చుంటాను, అది కూసినప్పుడు లేస్తాను. బట్టలు ఆరేయడమే విరామం. చేతులకు పని, కళ్లకు స్క్రీన్ బదులు ఎండ. విరామంలో ఫోన్ చూస్తే అది విరామం కాదు, బుర్రకు ఇంకో ఉద్యోగం.

ఫోన్‌ని ఇంకో గదిలో పెట్టండి, ఓటీపీల సంగతి ముందే చూసుకుని

సైలెంట్‌లో పెట్టి బోర్లించిన ఫోన్ కూడా పక్కనే ఉంటే బుర్రను కొంత తినేస్తుందని 2017లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. నాకు ఆ చర్చతో పని లేదు. చేతికి అందితే నేను తీస్తానని నా నోట్‌బుక్కే చెబుతోంది. అందుకే అది దేవుడి గదిలో ఉంటుంది, మోగితే వినపడేంత దూరంలో.

కానీ మా పనిలో చిక్కేమిటంటే రిటర్న్ ఫైల్ చేయాలంటే ఓటీపీ కావాలి, అది షాపు యజమాని ఫోన్‌కు వెళ్తుంది. ఒకప్పుడు ఒక్కో రిటర్న్ పూర్తవగానే ఒక్కో ఫోన్ చేసేదాన్ని. ఆయన బేరంలో ఉంటారు, ఎత్తరు, పది నిమిషాల తర్వాత ఆయన చేస్తారు, అప్పటికి నేను ఇంకో ఫైల్లో ఉంటాను. ఇప్పుడు అన్నీ సిద్ధం చేసి ఉంచి, సాయంత్రం నాలుగింటికి వరసగా ఓటీపీలు అడుగుతాను. పొద్దునే ఒక మెసేజ్ పెడతాను: "నాలుగింటికి ఓటీపీ కోసం ఫోన్ చేస్తానండీ, దగ్గర పెట్టుకోండి." ఎత్తేవాళ్లు ఎక్కువయ్యారు.

"మేడం, మా రిటర్న్ అయిందా?" అనే ఫోన్లు ఇంకో బెడద. ఫోన్ చేసేవాళ్ల తప్పు కాదు. ఎప్పుడు తెలుస్తుందో తెలియక చేస్తారు. రోజూ ఐదింటికి అందరికీ ఒక లైను పంపడం మొదలుపెట్టాను: మీది అయింది, మీది రేపు, మీది బిల్లులు రాలేదు. రెండు వారాల్లో ఆ ఫోన్లు సగానికి పైగా తగ్గాయి. మీ పనిలో కూడా ఎవరెవరు పదే పదే ఏం అడుగుతున్నారో ఎడమ పక్క జాబితాలో చూడండి. అడగకముందే చెప్పే టైము ఒకటి పెట్టండి.

ఇంట్లోవాళ్లకు "కదిలించొద్దు" అని కాదు, ఎప్పుడు దొరుకుతారో చెప్పండి

"పనిలో ఉన్నాను, పిలవొద్దు" అంటే పెద్దవాళ్లకు మనసు కష్టపడుతుంది, పైగా పిలవడం ఆగదు. మా అత్తయ్యగారికి ఇలా చెప్పాను: "అత్తయ్యా, పావుతక్కువ పదకొండుకు ఇద్దరం టీ తాగుదాం. అడగాల్సినవన్నీ అప్పుడు అడగండి." మొదటి మూడు రోజులూ పది గంటలకే "అమ్మాయ్, కందిపప్పు ఎన్ని గ్లాసులు?" అని వినపడింది. నాలుగో రోజు ఆవిడే ఒక కాగితం మీద అడగాల్సినవి రాసుకుని టీకి వచ్చారు: పప్పు, పాలవాడి బాకీ, పెళ్లికి ఏ చీర. షరతు ఒకటే, మీరు ఆ టీకి తప్పకుండా వెళ్లాలి. రెండుసార్లు ఎగ్గొడితే మళ్లీ పది గంటల పిలుపులే.

పిల్లలకు మాటలకన్నా గుర్తు బాగా పనిచేస్తుంది. మా వాడికి పదేళ్లు. కుర్చీ మీద ఎర్ర తువ్వాలుంటే పిలవకూడదు, రక్తం వస్తే తప్ప. ఒకరోజు ఎర్ర తువ్వాలు ఉండగానే వచ్చి "అమ్మా, కొంచెం రక్తం" అని మోకాలు చూపించాడు. దోమ కుట్టిన చోట గీరుకున్నాడు.

ఇక తలుపు, గ్యాసు, కొరియరు. ఇక్కడ ఏ కిటుకూ పనిచేయదు, పని పంచుకోవడం ఒక్కటే. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ ఇంటి పని చేసేవాళ్ల సగటు మాత్రమే, అసలు చేయనివాళ్లను కలపకుండా. ఆ తేడా మూడు గంటల పైన, అంటే నా మంచి గంటలు రెండూ పోయి ఇంకా బాకీ. నేను ఇంట్లో ఉండే రోజుల్లో నా మంచి గంటల్లో తలుపు దగ్గరికి వచ్చే పనులన్నీ మా ఆయనవి. ఇది మాట్లాడి తెచ్చుకున్నది, ఊరికే రాలేదు. నోట్‌బుక్ చూపించి మాట్లాడితే తొందరగా తేలుతుంది.

ఆఫీసులో

ఇది పెద్ద కష్టం కాదు. "ఒక్క నిమిషం మేడం" అని వచ్చిన జూనియర్‌కు "పన్నెండింటికి నేనే నీ సీటు దగ్గరికి వస్తాను, అప్పటిదాకా వచ్చిన డౌట్లన్నీ రాసి పెట్టు" అని చెప్పండి. మీరు వెళ్లేసరికి సగం డౌట్లు వాళ్లే తీర్చుకుని ఉంటారు. సార్ పిలిస్తే మాత్రం వెళ్లాలి, చీటీ రాసి వెళ్లండి. టీ కొట్టు దగ్గర కూడబలుక్కునే మాటలు మానేయమని నేను చెప్పను. ఆఫీసులో ఏం జరుగుతోందో అక్కడే తెలుస్తుంది.

చెడ్డ రోజులకు వేరే పద్ధతి

మాకు నెలలో 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను), 11న జీఎస్టీఆర్ 1 (అమ్మకాల వివరాలు), 20న 3బి. ఆఖరి రోజు పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు పోతుంది, పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఒక్కోసారి మూడూ కలిసి వస్తాయి. అలాంటి రోజు పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి రెండే చేయండి. పొద్దున ఒక్క పని ఎంచుకోండి, ఇది తప్ప ఇవాళ ఏది ఆగినా ఫర్వాలేదు అనుకునేది. లేచిన ప్రతిసారీ చీటీ రాయండి. జ్వరం చూస్తూ పది సార్లు లేచినా, పది సార్లు అదే పనిలోకి తిరిగి వస్తారు. ఫైల్ బటన్ నొక్కే ముందు మాత్రం అంకెలు పైకి చదవండి, వింటే తప్పు దొరుకుతుంది. 20వ తేదీని 18కే తెచ్చుకోవడం అసలు మందు. 2బి 14నే వస్తుంది కాబట్టి కుదురుతుంది కూడా. బిల్లులు చివర్లో పంపే ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకు నా దగ్గర ఇంకా మందు దొరకలేదు.

నెల తిరిగాక మళ్లీ రెండు రోజులు లెక్క

అదే నోట్‌బుక్, అదే గీత. ఈసారి మూడో గడి ఒకటి కలపండి: లేచాక మళ్లీ పనిలోకి రావడానికి ఎంతసేపు పట్టింది? లేవడం ఎన్ని సార్లన్నది పెద్దగా తగ్గకపోవచ్చు, కంగారు పడకండి, మూడో గడిలో అంకె చూడండి. పోయిన వారం నా పేజీలో ఎడమ పక్క ఒక లైను: "9:50 గ్యాస్ బండ, మా ఆయన ఊళ్లో లేరు. 4 నిమిషాలు." ఓటీపీ కోసం ఫోన్ తీశాను, గ్రూపులో మళ్లీ ట్యాంకర్ గొడవే నడుస్తోంది. సాయంత్రం చదివాను. కుడి పక్క మాత్రం ఫ్రిజ్ ఇంకా ఉంది, రోజుకు మూడు సార్లు.